చేతి గేమ్‌లో సినిమా: మస్తూరీ దారిలో ఒక అలవాటు చరిత్ర

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ యంత్రంలో సినిమా చూడటం ఇరవయ్యేళ్లు దాటిన అలవాటు. మొదట్లో సినిమా ఆట క్యాట్రిడ్జ్‌లో వచ్చింది. తర్వాత బుల్లి డిస్కులోకి, మెమరీ కార్డులోకి మారింది. ఇప్పుడు ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి ముక్కలు ముక్కలుగా దిగుతోంది. ఈ మార్పుల్లో తెర సైజు పెరిగిన సంగతి అందరికీ కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది: ఏ సినిమాలు ఆ తెరదాకా రావాలో ఎవరు తేల్చారన్నది. తెలుగు రాష్ట్రాలకు దూరంగా, రైలు పట్టాల పక్కన బతికిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా బాగా తెలిసొచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లోని మస్తూరీ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక తహసీలు కేంద్రం. బిలాస్‌పూర్ నుంచి రాయగఢ్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది. ప్రాచీన ఆలయాలకు పేరున్న మల్హార్ ఈ వైపుదే. దగ్గరి రైల్వే స్టేషన్ జయరామ్‌నగర్. ఈ చుట్టుపక్కల బతుకంతా బిలాస్‌పూర్ జంక్షన్ చుట్టూ అల్లుకున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు లైను వేసి 1891లో పూర్తి చేసింది. అదే కంపెనీ విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్‌కు మరో లైను మొదలుపెట్టింది. కొండలూ అడవులూ దాటుకుని అది 1931కి గానీ పూర్తికాలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఎందుకు వినిపిస్తుందో ఈ లైనే చెబుతుంది. వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ ముందు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో, 1955 నుంచి ఆగ్నేయ రైల్వేలో ఒకే గొడుగు కింద ఉండేవి. ఉత్తరాంధ్ర మనుషులు ఉద్యోగాలకూ బదిలీల మీదా ఇటు వచ్చి స్థిరపడ్డారు. 2003లో జోన్లు విడిపోయాయి. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి పోయింది. అప్పటికే ఇక్కడ పుట్టి పెరిగిన తరానికి హిందీ, ఛత్తీస్‌గఢీ వీధి భాషలయ్యాయి. తెలుగు ఇంటి భాషగా, పండగ భాషగా, సినిమా భాషగా మిగిలింది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి శాటిలైట్ చానళ్లు రావడంతో ఇంట్లో టీవీ మీద తెలుగు సినిమాకు కరవు తీరింది. జేబులోకి రావడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

చేతి యంత్రంలో కదిలే బొమ్మ చూపించాలన్న ఆలోచన ఆట కంపెనీలకు ముందునుంచే ఉంది. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌కు టీవీ ట్యూనర్ తగిలించుకునే వీలుండేది. నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2004లో వీడియో క్యాట్రిడ్జ్‌లు అమ్మకానికి వచ్చాయి. మొదట కార్టూన్లు, తర్వాత ష్రెక్ లాంటి పూర్తి నిడివి చిత్రాలు. 64 ఎంబీలో సినిమా మొత్తాన్ని కుక్కారు కాబట్టి 240 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు తెర మీద మొహాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. నోకియా 2003లో తెచ్చిన ఎన్‌-గేజ్ ఫోనూ ఆటా కలిసిన యంత్రం. అందులో వీడియో ఆడేది కానీ తెర నిలువుగా, ఇరుకుగా ఉండేది.

అసలు మలుపు సోనీ ప్లేస్టేషన్ పోర్టబుల్‌తో వచ్చింది. అందరూ పీఎస్‌పీ అనే ఈ యంత్రం 2004 డిసెంబర్ 12న జపాన్‌లో, 2005 మార్చిలో అమెరికాలో విడుదలైంది. 4.3 అంగుళాల అడ్డ తెర, 480 చుక్కల వెడల్పు, 272 చుక్కల ఎత్తు. ఆటలూ సినిమాలూ రెండూ యూఎండీ అనే 60 మిల్లీమీటర్ల డిస్కులో వచ్చేవి. డిస్కు చుట్టూ ప్లాస్టిక్ డొప్ప, లోపల 1.8 జీబీ చోటు. అమెరికాలో మొదటి పది లక్షల యంత్రాలతో పాటు స్పైడర్‌మ్యాన్ 2 డిస్కు ఉచితంగా ఇచ్చారు. హాలీవుడ్ స్టూడియోలు వరసగా యూఎండీ సినిమాలు తెచ్చాయి. అవి డీవీడీ ధరకు దగ్గరగా ఉండటం, పీఎస్‌పీలో తప్ప ఇంకెక్కడా ఆడకపోవడంతో 2006 కల్లా దుకాణాలు వాటిని తగ్గించేశాయి.

ఈ డిస్కు తెలుగువారికి పనికొచ్చే దారి కాలేదు. ఆటల డిస్కు ఏ దేశంలో కొన్నా ఏ యంత్రంలోనైనా ఆడేది. సినిమా డిస్కుకు మాత్రం డీవీడీలకున్నట్టే ప్రాంతాల తాళం ఉండేది. పైగా ఖాళీ యూఎండీ గానీ, దాన్ని రాసే డ్రైవ్ గానీ జనానికి అమ్మలేదు. వైజాగ్‌లో ఒక సీడీ షాపువాడు వంద వీసీడీలు చేసి అమ్మగలడు, యూఎండీ ఒక్కటీ చేయలేడు. ఏ సినిమా ఎక్కాలో డిస్కు తయారుచేసే కంపెనీయే తేల్చేది. ఆ అరలో తెలుగుకు చోటు దొరకలేదు.

దారి దొరికింది యంత్రం పక్కనున్న చిన్న గాడిలో. పీఎస్‌పీకి మెమరీ స్టిక్ పెట్టుకునే వీలుంది. పెట్టెతో వచ్చే స్టిక్ 32 ఎంబీ మాత్రమే కాబట్టి ఒక పాటకు మించి పట్టదు. విడిగా 1 జీబీ స్టిక్ కొంటే ఒక సినిమా పడుతుంది. తెలుగు సినిమా అప్పట్లో వీసీడీగా రెండు, మూడు డిస్కుల్లో వచ్చేది. 2007లో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక కొన్న డిస్కు అద్దె డిస్కంత చౌకైపోయింది. వీసీడీకి తాళం లేదు. కంప్యూటర్‌లో డిస్కు తెరిస్తే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో సినిమా ఒక పెద్ద డాట్ ఫైలుగా కనిపించేది. దాన్ని హార్డ్ డిస్కులోకి లాగి, పీఎస్‌పీ వీడియో 9 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి ఎంపెగ్-4గా మార్చాలి. రెండున్నర గంటల సినిమాను బొమ్మకు సెకనుకు 500 కిలోబిట్లు, ధ్వనికి 128 చొప్పున మారిస్తే సుమారు 700 ఎంబీ అవుతుంది. ఆనాటి ఇంటి కంప్యూటర్‌కు ఇది గంటల పని. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తయారయ్యేది.

అంతటితో పని అయిపోదు. తొలి రోజుల్లో ఫైలును స్టిక్‌లో ఎంపీ రూట్ అనే ఫోల్డర్ లోపలి మరో ఫోల్డర్‌లోనే పెట్టాలి. పేరు ఎం4వీ అనే అక్షరాలతో మొదలై అయిదంకెల వరస సంఖ్యతో ముగియాలి. సినిమా పేరు రాస్తే యంత్రం దాన్ని గుర్తించేది కాదు. 2007 మార్చిలో వచ్చిన 3.30 సాఫ్ట్‌వేర్ వరకు సొంతంగా మార్చిన వీడియో తెర పూర్తి చుక్కల్లో ఆడేది కాదు. యూఎండీకి ఇచ్చిన స్పష్టతను సోనీ ఇంటి ఫైలుకు ఇవ్వలేదు. ఇన్ని అడ్డంకులు దాటి తెర మీదకు వచ్చిన తెలుగు సినిమా యంత్రం తయారుచేసినవారి లెక్కలో లేనిది, చూసేవాడు తన శ్రమతో ఎక్కించుకున్నది. ఈ శ్రమకు ఈ చరిత్రలో గౌరవమైన చోటు దక్కాలి. నకిలీ డిస్కుల నుంచి తీసిన సినిమాలూ ఇదే దారిన నడిచాయన్నది కూడా నిజమే.

తెలుగు తెరకు సంబంధించిన ఒక కొలత ఇక్కడ చెప్పుకోవాలి. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆ తర్వాత మన పెద్ద సినిమాలకు ఆ వెడల్పే అలవాటైంది. పీఎస్‌పీ తెర మీద స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు పోగా బొమ్మకు మిగిలేది సుమారు 200 గీతల (చుక్కల వరసల) ఎత్తు. పోరాట దృశ్యంలో వందమంది ఉంటే ఒక్కొక్కరికీ దక్కేది కొన్ని చుక్కలే. అయినా జనం చూశారు. పాటలూ మాటలూ ఇయర్‌ఫోన్‌లో స్పష్టంగా వినిపించేవి, తెలిసిన సినిమాకు అది చాలు.

ఈ యంత్రంతో తెలుగు నేలకు మరో సంబంధమూ ఉంది. 2009లో వచ్చిన దేశీ అడ్డా అనే ఆట హైదరాబాద్‌కు చెందిన గేమ్‌శాస్త్ర తయారుచేసింది. కబడ్డీ, గాలిపటాల వంటి మన ఆటలతో ప్లేస్టేషన్ 2కూ పీఎస్‌పీకీ వచ్చింది. అదే ఏడాది వచ్చిన హనుమాన్ బాయ్ వారియర్ ఆట కూడా హైదరాబాద్‌దే, అరోనా టెక్నాలజీస్ తయారీ. ఆట తయారీ తెలుగు నగరానికి వచ్చింది, సినిమా మాత్రం ఆ యంత్రంలోకి దొడ్డిదారినే పోయేది.

ఇంటర్నెట్ మీదుగా సినిమా అందుకోవడం యంత్రానికి అప్పటికే వచ్చు. పీఎస్‌పీలో వైఫై మొదటి రోజు నుంచీ ఉంది. 2005లో దానికి బ్రౌజర్ వచ్చింది. లేనిది వేగమైన నెట్ గొట్టమే. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు వేగం సెకనుకు 256 కిలోబిట్లు. ఆ వేగంతో 700 ఎంబీ సినిమా దిగడానికి ఆరు గంటలు పడుతుంది. చూసే వేగం కంటే దిగే వేగం తక్కువైతే స్ట్రీమింగ్ అన్న మాటకే అర్థం లేదు.

అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ 2007 జనవరిలో స్ట్రీమింగ్ మొదలుపెట్టింది. 2011 జులైలో నింటెండో 3డీఎస్‌కు, 2012లో సోనీ చేతి యంత్రం పీఎస్ వీటాకు దాని యాప్ వచ్చింది. స్ట్రీమింగ్ పనిచేసే తీరూ ఈ ఏళ్లలోనే స్థిరపడింది. సినిమాను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంచుతారు. చూసేవాడి యంత్రం ప్రతి ముక్కకూ నెట్ వేగం చూసుకుని తగినది అడుగుతుంది. వేగం పడిపోతే బొమ్మ మసకబారుతుంది కానీ ఆగదు. రైల్లో కూర్చున్నవాడికి ఇంత ఉపకారం చేసిన ఏర్పాటు ఇంకొకటి లేదు.

బిలాస్‌పూర్ వైపు గొట్టం వెడల్పయింది 2016లో. ఆ ఏడాది జనవరిలో నెట్‌ఫ్లిక్స్ భారత్‌కు వచ్చింది. ఏప్రిల్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై పెట్టిన స్టేషన్ల జాబితాలో రాయ్‌పూర్, విశాఖపట్నం రెండూ ఉన్నాయి, అంటే రాయ్‌పూర్-విశాఖ దారి రెండు కొసలకీ ఒకేసారి నెట్ వచ్చినట్టు. సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. డిసెంబర్‌లో ప్రైమ్ వీడియో మొదలైంది. 2020 ఉగాది నాడు, మార్చి 25న, పూర్తిగా తెలుగు కోసమే ఆహా మొదలైంది. దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన రోజు కూడా అదే. మస్తూరీలో ఉన్న తెలుగు ఇంటికీ విజయవాడలో ఉన్న ఇంటికీ కొత్త సినిమా ఒకే గంటలో అందే స్థితి వచ్చింది.

అదే సమయంలో చేతి గేమ్ యంత్రం సినిమాకు దూరమైంది. ఫోన్ ఆ పనిని తీసేసుకుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌కు మరుసటి ఏడాది యూట్యూబ్ వచ్చింది, నెట్‌ఫ్లిక్స్ రాలేదు. తెలుగు సేవల ఊసే లేదు. వీటా తయారీ 2019లో ఆగిపోయింది.

2022 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ వాల్వ్ తెచ్చిన స్టీమ్ డెక్ ఈ కథను తిరిగి తెరిచింది. ఇది చేతిలో పట్టే గేమ్ రూపంలో ఉన్న కంప్యూటర్. ఏడు అంగుళాల తెర, 1280 చుక్కల వెడల్పు, 800 ఎత్తు. వాల్వ్ దీన్ని భారత్‌లో నేరుగా అమ్మలేదు. దిగుమతి చేసుకున్నవారూ, అమెరికా నుంచి తెప్పించుకున్నవారూ వాడుతున్నారు. 2023లో ఆసుస్ తెచ్చిన ఆర్‌వోజీ ఆలై ఇదే తరహాది, అది ఇక్కడి దుకాణాల్లో దొరికింది. డెక్‌లో స్ట్రీమింగ్ యాప్‌లు ఉండవు. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి క్రోమ్ బ్రౌజర్ వేసుకుని, దాన్ని ఆటల జాబితాలో చేర్చుకుంటే మామూలు కంప్యూటర్‌లో చూసినట్టే ఆహా, ప్రైమ్ తెరుచుకుంటాయి.

ఇక్కడ కొత్త తాళం ఎదురవుతుంది. స్ట్రీమింగ్ సంస్థలు వైడ్‌వైన్ అనే రక్షణ వ్యవస్థతో సినిమాను తాళం వేసి పంపుతాయి. చాలా ఫోన్లలో ఈ తాళం చిప్‌లోనే విప్పుకుంటుంది కాబట్టి పూర్తి నాణ్యత ఇస్తారు. లినక్స్ మీద నడిచే డెక్‌లో సాఫ్ట్‌వేర్‌తో విప్పాలి, అందుకే నమ్మకం తక్కువ. కొన్ని సేవలు 720 గీతల దగ్గర ఆపేస్తాయి, కొన్ని అంతకన్నా కిందే. స్కోప్ సినిమాకు డెక్ తెర మీద దక్కేది ఎలాగూ సుమారు 535 గీతలే కాబట్టి 720 దగ్గర కంటికి పెద్ద నష్టం తెలియదు. అంతకన్నా కిందికి దిగితే తెలుస్తుంది.

పెద్ద ఇబ్బంది రైల్లో వస్తుంది. కోర్బా నుంచి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విశాఖ వెళ్లే లింక్ ఎక్స్‌ప్రెస్‌ది రాత్రి ప్రయాణం. బిలాస్‌పూర్ నుంచి విశాఖకు 640 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాయ్‌పూర్ దాటాక ఒడిశా కొండల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ముక్కల నాణ్యత ఎంత తగ్గించినా అసలు ముక్కే రాకపోతే చేసేదేమీ లేదు. ఫోన్ యాప్‌లో అయితే ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, నెట్‌ఫ్లిక్స్ 2016 నవంబర్ నుంచి ఆ వీలు ఇచ్చింది. డెక్ బ్రౌజర్‌లో ఆ వీలు లేదు. అందుకే సొంత సినిమా ఫైళ్లున్నవారు మెమరీ కార్డులోకి ఎక్కించుకుని వీఎల్‌సీలో చూస్తారు. ఇంట్లో ఉన్నప్పుడు కంప్యూటర్‌లోని సినిమాలను జెల్లీఫిన్ లాంటి ఉచిత సర్వర్‌తో ఇంటి వైఫై మీద డెక్‌కు స్ట్రీమ్ చేసుకునే పద్ధతీ ఉంది. ఈ రెండు పద్ధతుల్లోనూ నాణ్యతకు కోత లేదు, ఫైలుకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు.

స్ట్రీమింగ్‌తో వచ్చిన మరో సంగతి, సినిమా మన దగ్గర ఉండకపోవడం. 3డీఎస్‌లో నెట్‌ఫ్లిక్స్ 2021 జూన్ 30తో ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టు చివర సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్‌లో సినిమాల అమ్మకం నిలిపేసింది. సేవల్లో ఉన్న తెలుగు సినిమాలు కూడా హక్కుల ఒప్పందం తీరగానే జాబితా నుంచి తప్పుకుంటాయి, మరో సేవలో తేలతాయి, కొన్నిసార్లు ఎక్కడా తేలవు. 2005 నాటి యూఎండీ డిస్కునూ, 2007లో రాత్రంతా మార్చి మెమరీ స్టిక్‌లో దాచిన ఫైలునూ బ్యాటరీ బాగున్న పీఎస్‌పీ ఈనాటికీ ఆడిస్తుంది.