‘గివ్ అప్’ – దత్తమండలముల కథ

ఆంగ్లభాషలో క్రియకు ఒక చిన్నమాట చేరినంతనే అర్థము మారిపోవును. ‘గివ్’ అనగా ఇచ్చుట. ‘అప్’ అనగా పైకి. కాని ‘గివ్ అప్’లో పైకి పోవునదేదియు లేదు. చుట్ట కాల్చుట మానివేసినను గివ్ అప్. ఆశ వదలుకొన్నను గివ్ అప్. శత్రువునకు లొంగిపోయినను, సొత్తును పరుల కప్పగించినను గివ్ అప్పే. మన భాషలో ఈ పనిని సహాయక్రియలు చేయుచున్నవి. ఇచ్చుట వేరు, ఇచ్చివేయుట వేరు. వదలుట వేరు, వదలుకొనుట వేరు. ఈ భేదములు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల చరిత్రలో మనకు స్పష్టముగా కనిపించును.

1800వ సంవత్సరమున నిజాం అలీ ఖాన్, తన రక్షణకు నిలిచిన ఆంగ్లసైన్యపు ఖర్చు క్రింద, మైసూరు యుద్ధములలో తనకు వచ్చిన మండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. కంపెనీవారు వానిని ‘సీడెడ్’ జిల్లాలనిరి. లాటిను నుండి వచ్చిన ఆ మాటను వాడుక ఆంగ్లములో చెప్పవలెనన్న గివ్ అప్ అనవలెను. తెలుగులో అవి దత్తమండలము లయినవి. ఇచ్చినది నిజాము, పుచ్చుకొన్నది కంపెనీ. ఆ నేల దున్నుచున్న రైతు నడిగినవారు లేరు.

నంద్యాల కథ కొంత వేరు. అది 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. ఆ యేట కంపెనీవారు నవాబును పట్టుకొని రాజ్యమును కలుపుకొనిరి. ఇట్లు లాగుకొన్న నేలకును ‘ఇచ్చిన నేల’ యను పేరే అంటుకొనెను.

ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీపై తిరుగబడి కోవెలకుంట్ల ఖజానాను ముట్టడించెను. చివరకు పట్టుబడెను, 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసిరి. పట్టుబడుట వేరు, లొంగిపోవుట వేరు. ఆయన విషయమున ‘గివ్ అప్’ అను మాట చెల్లదు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినపుడు, దత్తమండలమను పేరు ఇక వలదని నాయకులు తలచిరి. తరువాత ఆంధ్రభాషాచరిత్రము వెలువరించిన చిలుకూరి నారాయణరావుగారు, విజయనగర రాయలను తలపించునట్లు ‘రాయలసీమ’ యను పేరును సూచించిరి. సభవారు దాని నంగీకరించిరి. ఇదియు గివ్ అప్పే. కాని ఈసారి వదలుకొన్నవారు ఆ నేలవారే, వదలుకొన్నది పరులు పెట్టిన పేరు.

మన యిండ్లలో పిల్లలు ఈ మాట నేర్చుకొనునపుడు నిఘంటువులోని అర్థములతో సరిపుచ్చరాదు. కర్త ఎవరో అడుగవలెను. ‘దత్త’ మన్నపుడు ఇచ్చినవాడు మరుగున పడును. ఇవ్వబడినవారు అసలే కనిపించరు. నంద్యాల సభ ఆ మరుగున పడినవారిని కర్తలుగా నిలిపినది.