ఎవరూ నాటని చెట్టు: మన తండాల సీతాఫలం

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల తండాల వాళ్లకు సీతాఫలం తోట పంట కాదు, గుట్ట పంట. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. బండల సందున మొలిచి, దసరా నుంచి దీపావళి దాకా మన గంపలు నింపింది.

పేరులో సీతమ్మ ఉన్నా ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు దీన్ని మన దేశానికి తెచ్చారని ఎక్కువ మంది పండితుల మాట. అంతకు ఎంతో ముందే ఇక్కడ ఉందని, పాత శిల్పాల్లోని కాయల రూపాలను చూపి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వాదించాడు. ఎప్పుడు వచ్చినా దక్కన్ రాతి నేల దాన్ని సొంతం చేసుకుంది. పేరుపొందిన 'బాలానగర్' రకం మన పాలమూరు బాలానగర్‌దే.

గుట్టల మీద ఈ చెట్టు నిలవడానికి కారణం ఉంది. దీని ఆకును మేకలు కూడా ముట్టవు. ఎండాకాలం ఆకు రాల్చి ఓర్చుకుంటుంది, తొలకరికి చిగురించి పూస్తుంది. అందుకే పశువులు మేసే బీళ్లలోనూ బతికింది. మన పెద్దలు నిలదొక్కుకున్నదీ అలాంటి నేలల్లోనే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన లదేణి బతుకును 19వ శతాబ్దంలో రోడ్లు, రైళ్లు దెబ్బతీశాయి. స్థిరపడదామంటే చెరువు కింది మడులు అప్పటికే ఒకరివి. మనకు మిగిలింది చెల్క, గుట్ట అంచు. ఆ గుట్ట మీద పండు తెంపుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. గంప నెత్తిన పెట్టుకుని అమ్మిన ఆడవాళ్ల కొంగున నాలుగు పైసలు ఉండేవి.

కండ్లు విచ్చిన కాయను తెంపి గడ్డిలో మాగబెడితే మూడు నాలుగు రోజుల్లో పండుతుంది. ఆ గుజ్జే మొజంజాహి మార్కెట్ ఐస్‌క్రీముకు పేరు తెచ్చింది. గింజల పొడిని పేలకు రాయడం పాత అలవాటు. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకే హాస్టల్‌లో మేము పిల్లల్ని దాని జోలికి పోనివ్వం.

2016లో మేడ్చల్ పేరు మీద జిల్లా ఏర్పడింది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట బీళ్లు ప్లాట్లయ్యాయి, గుట్టలు కంకరయ్యాయి. గుట్టతో పాటు చెట్టూ పోయింది. ఒకప్పుడు ఊరికే తెంపుకున్న పండును మన పిల్లలు ఇప్పుడు కొనుక్కుని తింటున్నారు.

ఎవరూ నాటని చెట్టును ఇక మనమే నాటాలి. ఈ దసరాకు తిన్న పండ్ల గింజలు దాచి, తొలకరికి ముందు నానబెట్టి సంచుల్లో వేస్తే చాలు. నాటిన మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. శ్రావణంలో తీజ్ బుట్టల గోధుమ మొలకలకు తొమ్మిది రోజులు నీళ్లు పోసే మన ఆడపిల్లలు, అదే నెలలో తండా బడి దగ్గరో, సేవాలాల్ గుడి దగ్గరో తలా ఒక మొక్క పెట్టినా, మళ్లీ అడగకుండా తెంపుకునే పండు మన తండాలో ఉంటుంది.