కొంగుముడిలో పట్టే ఫోను

మొన్న దసరాకి మా అత్తమ్మకు కొత్త ఫోను కొనిపెట్టాం. కొన్న సంబరం మూడు రోజులు కూడా నిలవలేదు. నాలుగోనాడు పొద్దున ఆవిడ దాన్ని తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టి, "బిడ్డా, గీ పలక నాకొద్దు. గింత పెద్దది నేనేడ దాసుకోవాలె? నా పాతదే నాకియ్యి" అంది.

పాతదంటే బటన్ల ఫోను. దాన్ని ఆవిడ కొంగుకొసన ముడేసి బొడ్లో దోపుకునేది. అందులో మాట వినిపిస్తుందేగాని మనిషి కనిపించడు. దుబాయిలో వున్న మనవడు, మా మరిది కొడుకు, రోజూ రాత్రి వీడియోలో మొహం చూపిస్తానంటాడు. ఆ మొహం చూడాలని ఆవిడకీ ప్రాణం కొట్టుకుంటుంది. అందుకే కొత్తది కొన్నాం. తీరా కొన్నాక ముడిలో పట్టదు, పిడికిట్లో ఇమడదు. ఒకసారి నీళ్ల గోలెంలో పడబోయింది కూడా.

"చిన్నది కొంటే సరిపోయె. ఇంతోటి దానికి రామాయణమా?" అన్నారు మా వారు, చొక్కా జేబులోంచి తన ఫోను తీసి చూసుకుంటూ. జేబులున్న వాళ్లకు ఇవన్నీ చిన్న విషయాలే!

సరే, నేనే కామారెడ్డి వెళ్లాను. మా సదాశివనగర్ నుంచి బస్సెక్కితే ఎంతసేపని! దుకాణం అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, చిన్నది కావాలంటే బటన్ ఫోనున్నది. మొహం కనవడాలంటే గీ పెద్దవే. చిన్నగుండి, అగ్గువకొచ్చి, మొహం గూడ కనవడాలంటే మా దగ్గర లేదమ్మా."

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. ఇన్ని కంపెనీలు ఒకరి మెడమీద ఒకరు కూర్చుని పోటీ పడుతున్నాయి కదా, మా అత్తమ్మ కోరిన ఆ ఒక్క ఫోను ఎవరికీ ఎందుకు తోచలేదు? ఇంటికొచ్చాక మావాడి చేత చదివించుకునీ, నేను చదువుకునీ నాలుగు సంగతులు తెలుసుకున్నాను. మీకూ చెబుతాను, వినండి.

అసలు సెల్‌ఫోను పుట్టడమే పోటీలో పుట్టింది. 1973 ఏప్రిల్ 3న మోటరోలా కంపెనీ ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలబడి మొట్టమొదటి సెల్‌ఫోను మాట మాట్లాడాడు. ఎవరితోననుకున్నారు? భార్యతో కాదు, తల్లితోనూ కాదు. పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లో అదే పనిమీద వున్న జోయెల్ ఎంగెల్‌కి ఫోను చేసి, "చేతిలో పట్టుకునే ఫోనులోంచే మాట్లాడుతున్నా"నని చెప్పాడు. పక్కింటావిడకి కొత్త గొలుసు చూపించడానికి పనిగట్టుకుని వెళ్లినట్టన్నమాట! ఆ ఫోను బజారులోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. 1983లో వచ్చిన ఆ డైనాటాక్ ఖరీదు 3,995 డాలర్లు. బరువు ముప్పాతిక కిలో పైమాటే. పదిగంటలు ఛార్జింగు పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు. మా అత్తమ్మ దాన్ని చూస్తే పచ్చడి నూరే పొత్రమనుకునేది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న మోగింది. కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో వున్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా వుండేది రేటు. మనం చేస్తేనే కాదు, అవతలివాళ్లు చేసినా మనమే డబ్బు కట్టాలి. ఫోను మోగితే ఎత్తాలా వద్దా అని ఆలోచించుకునే రోజులవి. మన రాష్ట్రంలో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అని రెండు కంపెనీలు ఆ వ్యాపారం మొదలుపెట్టాయి. పెద్ద పెద్ద షావుకార్ల చేతుల్లో ఆ ఫోన్లు కనిపించేవట. మా వైపు కనిపించినట్టు నాకు గుర్తులేదు.

మా వైపు వున్నది పి.పి. నంబరు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. పక్కింటివాళ్ల ఫోను నంబరు మనదిగా చెప్పుకోవడం అది. మా వాడకట్టు మొత్తానికీ ఒకటే ఫోను, కిరాణా సేటు ఇంట్లో. మా మరిది 1995లో దుబాయి వెళ్లాడు. ఉత్తరం రావడానికి నెల, రాసింది వెళ్లడానికి నెల. ఎవరైనా సెలవుమీద వస్తుంటే క్యాసెట్టులో మాటలు నింపి పంపేవాడు. రెండు నెలలకోసారి ఫోను వచ్చేది. సేటు కొడుకు పరిగెత్తుకొచ్చి, "దుబాయి ఫోనొచ్చింది!" అని కేకేస్తే మా అత్తమ్మ బీడీల చాట పక్కకి నెట్టి, తంబాకు ఒళ్లంతా రాలుతుండగా అట్లాగే ఉరికేది. తీరా రిసీవరు చెవిన పెట్టుకున్నాక, "తిన్నవా బిడ్డా?" అన్న మాటకంటే ఇంకోటి పెగిలేది కాదు.

1998లో మా మామయ్య పోయారు. అర్ధరాత్రి. సేటువాళ్లు ఊళ్లో లేరు, ఇంటికి తాళం. మా వారు తెల్లవారకముందే కామారెడ్డి వెళ్లి ఎస్.టి.డి. బూతు తలుపు తట్టారు. దుబాయిలో మరిది వాళ్ల క్యాంపు నంబరు గంటలకొద్దీ మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడికి మన భాష రాదు. ఎర్ర అంకెల మీటరు మాత్రం గిర్రున తిరిగింది. మరిదికి కబురు అందేసరికి మూడోరోజు. అప్పటికి ఇక్కడ చితి చల్లారిపోయింది. ఆనాటినుంచీ మా అత్తమ్మకు ఫోను అంటే షోకు వస్తువు కాదు. అది తన ఒంటిమీద వుండాలి, మోగితే తనే ఎత్తాలి.

ఆ రోజు రావడానికి పోటీయే దారి చేసింది. 2002 డిసెంబరులో రిలయన్స్‌వాళ్లు, పోస్టుకార్డు కంటే అగ్గువగా మాట్లాడుకోవచ్చంటూ దిగారు. 2003లో 501 రూపాయలు కట్టి ఫోను తీసుకెళ్లమన్నారు. అవతలివాళ్లు చేసిన ఫోనుకి మనం డబ్బు కట్టే బాధా ఆ ఏడాదే తప్పింది. అదే ఏడు నోకియా 1100 వచ్చింది. 86 గ్రాముల బరువు, దుమ్ముకు ఓర్చే బటన్లు, తలమీద టార్చి దీపం. ప్రపంచం మొత్తమ్మీద పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు. మా వైపు రైతులకు మాటకంటే ఆ దీపమే ముందు నచ్చింది. రాత్రి కరెంటుకు మోటారు పెట్టడానికి పొలం గట్లమీద పాముల్లో నడవాలి కదండీ! మా అత్తమ్మ కొంగుముడిలోకి వెళ్లిన మొదటి ఫోను అదే.

ఆ తర్వాత తైవాన్‌లో మీడియాటెక్ అనే కంపెనీ ఫోనుకి కావలసిన మెదడును దాదాపు వండి వడ్డించినట్టు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇక కొద్దిపాటి పెట్టుబడి వున్నవాళ్లూ చైనాలో ఫోన్లు చేయించి తమ పేరు వేసుకోగలిగారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా అట్లా వచ్చాయి. మన హైదరాబాదులోనూ 2009లో సెల్‌కాన్ పుట్టింది. 2015లో మేడ్చల్ దగ్గర ఫోన్లు బిగించే కార్ఖానా పెట్టింది. మేడ్చల్ మీదుగా వచ్చే ఆ 44వ నంబరు జాతీయ రహదారే మా సదాశివనగర్‌నూ తాకుతూ పోతుంది. మన రోడ్డుమీద మన ఫోను అని మేమూ మురిసిపోయాం.

కాని పోటీ అనేది ఒకరి ముంగిట్లోనే ఆగేది కాదు. 2014లో చైనావాళ్ల షావోమీ వచ్చి, వేలకు వేలు పోసేవాళ్ల ఫోన్లలో వుండే హంగులు ఆరువేలకే ఇస్తానంది. 2015 ఆగస్టులో ఆ కంపెనీ విశాఖపట్నంలో సభ పెట్టి, మన దేశంలో తయారైన తన మొదటి ఫోనును 6,999 రూపాయలకు విడుదల చేసింది. అది తయారైంది మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కార్ఖానాలో. అక్కడ బల్లల ముందు కూర్చుని ఫోన్లు బిగించింది ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. ఇక్కడ బీడీ చుట్టిన వేళ్లలాంటి చురుకైన వేళ్లే అక్కడ మరలు బిగించాయి. ఆ పిల్లలకు తొలిసారి తమ పేరుమీద నెలజీతం వచ్చింది.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఆ మరుసటి నెల, దసరానాడే, మా కామారెడ్డి జిల్లా అయింది. మాకు కొత్త జిల్లా, కొత్త సిమ్ము ఒకేసారి వచ్చాయన్నమాట! దాంతో దుబాయి మొహాలు మా ఇళ్లలోకి వచ్చేశాయి.

మరి అగ్గువ అయితే అయింది, చిన్నదెందుకు కాలేదు?

ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2016లో 251 రూపాయలకే ఫోనంటూ ఒక ప్రకటన దేశాన్ని ఊపేసింది. జనం ఎగబడ్డారు, చెప్పినట్టు అందినవాళ్లు మాత్రం కొద్దిమందే. 2017లో జియోఫోను వచ్చింది. 1,500 డిపాజిట్టు, రెండున్నర అంగుళాలు కూడా లేని తెర. దానిమీద మనవడి మొహం చింతగింజంత. 2020లో ఆపిల్ కంపెనీ 12 మినీ అని ముచ్చటైన చిన్న ఫోను చేసింది. పిడికిట్లో చక్కగా ఇమిడేది. కాని ఖరీదు 69,900! మరుసటేడు ఇంకోటి చేసి, కొనేవాళ్లు తక్కువని ఆ వరసే మానేసింది.

చిన్నదానికి అంత ధరేమిటని మీకు అనుమానం రావచ్చు. చంటిపిల్ల గౌను కుట్టించండి, తెలుస్తుంది. బట్ట జానెడే పడుతుంది, కుట్టుకూలి మాత్రం తగ్గదు. పైగా చిన్న చంకలు, చిన్న మెడ, కుట్టడం కష్టం. ఫోనూ అంతే. అవే సామాన్లను ఇరుకులో సర్దాలి. బ్యాటరీకి చోటు తగ్గితే సాయంత్రానికే నీరసిస్తుంది. పెద్ద తెరలు కోట్లకొద్దీ చేస్తారు గనక అవే అగ్గువ. సినిమాలు చూసే మగపిల్లలకు పెద్ద తెరే ముద్దు. వాళ్లకు జేబులున్నాయి. కొంగుముడి కొలతను ఏ కంపెనీవాడు తీసుకున్నాడు గనక!

అయినా నాకొక ఆశ వుంది. మడతమంచంలాగా మడిచే ఫోన్లు వచ్చాయి. తెరిస్తే పలకంత, మడిస్తే వక్కల డబ్బీ అంత. 2020లో శాంసంగ్ మన దేశానికి తెచ్చిన అటువంటిది లక్ష దాటింది. 2023లో టెక్నో అనే కంపెనీ అదే తీరుది 49,999కి ఇచ్చింది. మూడేళ్లలో ధర సగానికి వచ్చిందంటే, పోటీ ఇట్లాగే సాగితే, మా కోడలినాటికైనా బీడీల కూలితో కొనగలిగే మడత ఫోను రాదా? 3,995 డాలర్ల పొత్రం 86 గ్రాముల టార్చిగా మారడానికి ఇరవై ఏళ్లే పట్టింది మరి.

ఈ చరిత్రంతా మా అత్తమ్మకు చెప్పాను. బుద్ధిగా విని, "అయితే నేను బతికున్నంతల రాదంటవ్" అంది. ఏం చెప్పను?

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ సూదీ దారం అడిగింది. పాత జాకెట్టు గుడ్డ చింపి, తాడు పెట్టి, మెడలో వేసుకునే సంచి ఒకటి కుట్టుకుంది. గట్టుమీది ఫోను అందులో వేసుకుని నాకు చూపించింది.

"ఆళ్లు ఫోను తక్కువ జెయ్యకపోతె నేనే సంచి పెద్దగ జేసిన" అంది.

ఆ రాత్రి ఫోను మోగింది. ఆవిడే తీసింది, ఆవిడే ఎత్తింది. తెరనిండా మనవడి మొహం.

"తిన్నవా బిడ్డా?" అంది మా అత్తమ్మ.