నాలుగు చక్రాలకూ బలం చేరిన కథ

నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ నడుమ ఉన్న పాములపాడు మండలం పేరు చెప్పగానే అందరికీ బనకచర్ల రెగ్యులేటర్ గుర్తొస్తుంది. పోతిరెడ్డిపాడు దగ్గర బయలుదేరిన కృష్ణా నీళ్లు అక్కడికొచ్చి పాయలుగా చీలిపోతాయి. ఆ నీళ్ల గురించి చాలామంది రాశారు. ఆ కాలవ గట్ల పక్కన, నల్లరేగడి చేల దారుల్లో వానాకాలం బండి నడపడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. ఎండల్లో నెర్రెలు విచ్చే ఆ నేల ఒక్క మంచి వాన పడితే జిగురైపోతుంది. నాలుగడుగులు వేసేసరికి చెప్పులు బరువెక్కుతాయి. టైరైతే గాళ్లన్నీ పూడిపోయి నున్నటి గుండులా మారిపోతుంది. ఇంజను ఎంత అరిచినా బండి ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు ఆ దారుల్లోనే థార్లు, స్కార్పియోలు, సెల్టోస్‌లు తిరుగుతున్నాయి. గేరు పక్కన మట్టి బొమ్మ, ఇసుక బొమ్మ వేసిన మీటలు, వాలు దిగే కారు బొమ్మతో ఒక బటను. కొన్నవాళ్లలో చాలామంది వాటిని షోరూములో ఒకసారి నొక్కి చూసి మళ్లీ ముట్టుకోరు. నాకది నిజంగా బాధ కలిగిస్తుంది. ఒక్కో మీట వెనక, బండి దిగబడితే ఎలా లేవదీయాలా అని ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్న మనిషి ఉన్నాడు. ఏ మీట ఏ ఇబ్బందికి పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

కథ ఇరుసు దగ్గర మొదలవుతుంది. ఎద్దుల బండికి ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోయినా పేచీ లేదు. ఎందుకంటే లాగేది ఎద్దులు, చక్రాలు కావు. ఇంజను వచ్చి చక్రాన్నే తిప్పాల్సి వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే యంత్రనిపుణుడు 1820ల చివర్లో ఆవిరి బండి కోసం దీనికి విరుగుడు కనిపెట్టాడు. అదే డిఫరెన్షియల్. రెండు చక్రాల మధ్య చిన్న పళ్ల చక్రాలు పెట్టి, దేని వేగం దానికి వదిలేస్తూనే రెండింటికీ బలం పంచడం దాని పని.

ఆ పంపకంలోనే ఒక లోపం దాగి ఉంది. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. కుడి చక్రం గట్టి నేల మీదా, ఎడమది బురదలోనూ ఉన్నాయనుకోండి. బురదలో చక్రాన్ని తిప్పడానికి బలం పెద్దగా అక్కర్లేదు. అది గిర్రున తిరుగుతుంది. గట్టి నేల మీదున్న చక్రానికి కూడా ఆ కొంచెం బలమే అందుతుంది, బండిని కదిలించడానికి అది చాలదు. తర్వాత రెండు వందల ఏళ్లలో ఈ బండ్లకు చేరిన సౌకర్యాల్లో సగం ఈ ఒక్క లోపాన్ని దిద్దడానికి పుట్టినవే.

మొదట తట్టిన ఉపాయం, ముందు చక్రాలకూ బలం ఇవ్వడం. హాలెండులో స్పైకర్ సోదరులు 1903లోనే అలాంటి పెట్రోలు కారు చేశారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో మెషిన్ షాపు నడుపుతున్న ఆటో జాకో, ఆయన బంధువు విలియం బెసర్‌డిక్ 1908లో దీనికి పేటెంటు తీసుకున్నారు. వినడానికి తేలిక, చేయడానికి కాదు. వెనక చక్రాలు తిరిగితే చాలు. ముందు చక్రాలు తిరుగుతూనే పక్కకు మళ్లాలి. మళ్లే కీలు లోపల తిరిగే కీలు ఇమడాలి. ఆ జాయింటు కుదిరాకే మిగతాదంతా సాధ్యమైంది. వాళ్ల లారీలు మొదటి ప్రపంచ యుద్ధానికి వేల సంఖ్యలో వెళ్లాయి.

అయితే అవి బరువైన బండ్లు. చిన్న బండి పుట్టింది 1940లో. ఆ జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. తేలికైన, నాలుగు చక్రాలతో లాగే బండి కావాలి, నమూనా 49 రోజుల్లో చేతికి రావాలి అని. పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ పట్టణంలో దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్ కంపెనీ దానికి సిద్ధపడింది. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపిస్తే, ఆయన కొద్ది రోజుల్లోనే నమూనా గీసేశాడు. సెప్టెంబరు 23న బండిని బాల్టిమోర్ దగ్గరి హోలబర్డ్ సైనిక కేంద్రానికి నడుపుకుంటూ తీసుకెళ్లారు. గడువుకు ఇంకా అరగంట ఉందట. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. చిన్న కంపెనీ అన్ని బండ్లు చేయలేదని సైన్యం ఆ నమూనాను విల్లీస్‌కూ ఫోర్డుకూ చూపించింది. బార్నీ రూస్ తీర్చిదిద్దిన 60 హార్స్‌పవర్ ఇంజను ఉన్న విల్లీస్ బండి గెలిచింది. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. వాటిలో బాంటమ్ వాటా చాలా చిన్నది.

ఆ జీపులో డ్రైవరు పక్కన పెద్ద గేరు రాడ్డుతో పాటు రెండు చిన్న రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకు బలం కలుపుతుంది. రెండోది చిన్న గేరు వేస్తుంది. చిన్న గేరులో వేగం సగానికి తగ్గి, చక్రానికి అందే బలం దాదాపు రెండింతలవుతుంది. ముందు చక్రాలు కలపకుండా చిన్న గేరు పడకుండా అడ్డు కూడా పెట్టారు, అంత బలమూ వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడి విరగకూడదని. ఇప్పటి థార్‌లో ‘4హెచ్’, ‘4ఎల్’ అని రాసి ఉన్నవి ఆ రెండు రాడ్ల వారసులే.

దీనికి ఒక షరతు ఉంది. ఈ అమరికలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, ఆ తేడా ఎక్కడో సర్దుకోవాలి. బురదలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారలేక షాఫ్టులూ కీళ్లూ మెలితిరుగుతాయి. అందుకే పొడి రోడ్డెక్కగానే ‘2హెచ్’కి రావాలి. ‘4ఎల్’ వేయాలంటే బండి దాదాపు ఆపి, న్యూట్రల్లో పెట్టి మార్చాలి.

జీపు మన దేశానికి వచ్చిన దారి కూడా యుద్ధం గుండానే. కె.సి.మహీంద్రా అమెరికాలో భారత సరఫరా విభాగానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు బార్నీ రూస్‌ను కలిశారు. 1945లో అన్న జె.సి.మహీంద్రాతో, మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లిపోగా 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బొంబాయిలో విడిభాగాలు తెప్పించి బిగించడంతో మొదలుపెట్టి, క్రమంగా ఇక్కడే తయారుచేశారు. రాయలసీమలో తహసీల్దారు, పోలీసు, కాలవల ఇంజనీరు, నల్లమల అటవీ అధికారి ఎవరొచ్చినా జీపులోనే వచ్చారు.

ఒక సంగతి చాలామంది గమనించలేదు. ఊళ్లలో జనాన్ని ఎక్కించుకుని తిరిగిన కమాండర్ జీపుల్లో, 2000లో వచ్చిన బొలేరోల్లో ఎక్కువ భాగం వెనక చక్రాలతోనే నడిచేవి. ధర తగ్గాలి, డీజిలు మిగలాలి. గట్టి ఛాసిస్, ఎత్తైన అడుగుభాగం, మోటైన స్ప్రింగు కమ్మీలు జీపు నుంచి వచ్చాయి. ముందు ఇరుసు బలం మాత్రం రాలేదు. 1994లో సుమో, 2002లో పవన్ గోయెంకా నాయకత్వంలో రూపొందిన స్కార్పియో ఈ బండ్లను పట్నం కుటుంబాలకు దగ్గర చేశాయి. జీపు రూపం ఒకటి, జీపు గుణం ఒకటి అని అప్పటికే విడిపోయాయి.

ప్రపంచంలోనూ అదే జరిగింది. 1994లో టయోటా రావ్4తో కారు ఛాసిస్ మీద ఎత్తైన బండి కట్టడం ఊపందుకుంది. 1997లో ల్యాండ్ రోవర్ కంపెనీ ఫ్రీలాండర్ తెచ్చింది. అందులో చిన్న గేరు లేదు. మరి నిటారు వాలు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది ఎవరు? ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇక్కడే వస్తుంది. 1978లో బాష్ కంపెనీ బెంజి కారుకు ఏబీఎస్ అమర్చింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా, క్షణానికి ఎన్నోసార్లు పట్టి వదిలే బ్రేకు అది. ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలుసు. ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయగలదు. ఫ్రీలాండర్ ఇంజనీర్లు దాన్నే వాలు దిగే పనికి పెట్టారు. ఆ వాలు బటను అలా పుట్టింది.

అదే బ్రేకు పెక్యూర్ లోపానికీ మందైంది. ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతోందా? కంప్యూటరు దానికొక్కదానికే బ్రేకు వేస్తుంది. ఇప్పుడు దాన్ని తిప్పాలంటే బలం కావాలి. డిఫరెన్షియల్ ఇచ్చేది సమాన బలం కాబట్టి, గట్టి నేల మీదున్న కుడి చక్రానికీ అంతే బలం అందుతుంది. బండి కదులుతుంది. 2004లో ల్యాండ్ రోవర్ డిస్కవరీలో గడ్డి, మట్టి, ఇసుక, రాళ్లు అని నేలను బట్టి తిప్పే మీట వచ్చింది. ఇంజను స్పందన, గేర్లు, బ్రేకుల పట్టు ఆ మీటతో కలిసి మారతాయి.

ఆ మీట తాలూకు చిన్న రూపం ఇప్పుడు మన సీమలోనే తయారవుతోంది. 2017 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కియా, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం కట్టి, 2019 ఆగస్టులో సెల్టోస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కొన్ని మోడళ్లలో మట్టికీ ఇసుకకూ వేరువేరు మోడ్‌లున్నాయి. కానీ మన దేశంలో అమ్మే సెల్టోస్‌లో ఇంజను బలం ముందు చక్రాలకే వెళుతుంది. మట్టి మోడ్ ఆ రెండు చక్రాలను తెలివిగా వాడుతుంది, వెనక చక్రాలకు బలం పుట్టించదు. తడిసిన ఇసుక దారికి, కంకర రోడ్డుకు అది చక్కగా పనికొస్తుంది. బనకచర్ల చుట్టుపక్కల పత్తి చేలోకి ఆ మోడ్‌ను నమ్ముకుని దిగకూడదు. ఈ తేడా అమ్మేవాళ్లు స్పష్టంగా చెప్పాలని నా గట్టి అభిప్రాయం. చట్టం కూడా ఈ విషయంలో సాయపడదు. 2022 డిసెంబరులో జీఎస్టీ మండలి పన్ను కోసం ఎస్‌యూవీకి ఇచ్చిన నిర్వచనంలో 1500 సీసీ దాటిన ఇంజను, 4000 మిల్లీమీటర్లు దాటిన పొడవు, కనీసం 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్నాయి. నాలుగు చక్రాల బలం ఊసే లేదు.

ఇంకొక బటను గురించి చెప్పాలి. జారుతున్న కారు బొమ్మ కింద ‘ఆఫ్’ అని రాసి ఉంటుంది. చక్రం జారగానే ఇంజను బలాన్ని తగ్గించి బండిని అదుపులో ఉంచే ఏర్పాటు అది. 1995లో బెంజి కారుతో మొదలైంది, రోడ్డు మీద ప్రాణాలు కాపాడుతుంది. లోతైన ఇసుకలోనో బురదలోనో మాత్రం చక్రం కాస్త తిరిగితేనే బండి ముందుకు పోతుంది. అప్పుడు బలం తగ్గితే అక్కడే నిలిచిపోతుంది. అలాంటిచోట దాన్ని ఆపి, బయటపడి రోడ్డెక్కగానే మళ్లీ వేసుకోవాలి.

తడిసిన నల్లరేగడిలో టైరు గాళ్లు పూడిపోయాక నాలుగు చక్రాలకూ బలమున్న బండి కూడా ఆగిపోవచ్చు. అప్పుడు యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా లోతుకు దిగుతుంది. తొక్కడం ఆపి ట్రాక్టరుకు కబురు పెట్టాలి. చాలా కొత్త కార్లకు గొలుసు తగిలించే కొక్కెం బయటికి కనిపించదు. వెనక డిక్కీలో సామాన్ల సంచిలో ఉంటుంది. బంపరు మీద చిన్న మూత తీసి, లోపలి మరలో దాన్ని చివరి దాకా బిగించాకే గొలుసు తగిలించాలి.