వడిసెల రాయి నుండి రైఫిల్ గుండు వరకు: గాలిలో గురి ఎందుకు తప్పుతుంది?

రాయచూరు జిల్లా గోరేబాళ వంటి గ్రామాలలో జొన్న కంకి పాలుపోసుకునే వేళ మంచె మీద నిలిచి వడిసెల తిప్పే కాపలాదారుకు ఒక సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. గుండ్రని గులకరాయి అనుకున్న చోటికి పోతుంది, పలుచని పెంకు మాత్రం మధ్యలోనే వంకర తిరుగుతుంది. కన్నడంలో కవణె అని పిలిచే ఈ సాధనానికి, దూరపు జంతువును వేటాడడానికి వాడిన రైఫిలుకు ప్రకృతి నియమం ఒక్కటే. చేతిని గాని, గొట్టాన్ని గాని వదిలిన క్షణం నుండి ఆ వస్తువును నడిపించేది గాలి, భూమ్యాకర్షణ. గురి తప్పడానికి కారణాలు చాలావరకు ఈ రెండింటిలోనే ఉన్నాయి.

ముందుగా ఒక పదభేదం. వాడుకలో రెంటినీ ఒకే అర్థంలో వాడుతున్నప్పటికీ, మందు, గుండు, తొడుగు కలిసినది తూటా. అందులో నుండి ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే గుండు. ఈ వ్యాసంలో చెప్పేది గుండును గురించి.

రాయచూరు కోట గోడల కింద

దూరం నుండి గురిచూసి కాల్చడం యుద్ధఫలితాన్ని మార్చిన తొలి సంఘటనలలో ఒకటి ఈ జిల్లా కేంద్రంలోనే జరిగింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగెరెదో అనే పోర్చుగీసు వీరుడు కొద్దిమంది తుపాకీదారులతో వచ్చి రాయల పక్షాన నిలిచాడు. గోడల మీద నిర్భయంగా తిరుగుతున్న రక్షకులను వారు ఒక్కొక్కరినే కాల్చడంతో, పైనుండి ప్రతిఘటన సన్నగిల్లి రాయల సైనికులు గోడరాళ్లను పెకలించగలిగారు. పరిస్థితి చూడడానికి గోడపై నుండి వంగిన కోట అధిపతి నుదుట గుండు తగిలి మరణించగా కోట లొంగిపోయిందని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ వ్రాశాడు.

ఆ తుపాకులు లోపల నునుపైన గొట్టం కలవి, వాటి గుండు గుండ్రని సీసపు బంతి. వాటి గురి నమ్మదగిన దూరం సుమారు 100 గజాల లోపే. కోటగోడకు దగ్గరగా చేరడం వల్లనే ఆ గురి సాధ్యమైంది. ఈ సీమకే చెందిన బేడరులు కూడా తుపాకీ గురికి పేరుపొందినవారు. 1705లో నేటి సురపుర సమీపంలోని వాగిణగేర ముట్టడిలో ఔరంగజేబు సైన్యానికి వారి తుపాకులు ఎంతో నష్టం కలిగించాయి.

గుండ్రని గుండు దోషం

గుండు గాలిలో ఎందుకు దారి తప్పుతుందో ప్రయోగాలతో పరిశీలించిన ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. 1742లో ఆయన ప్రచురించిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది. బరువైన దిమ్మెను లోలకంవలె వేలాడదీసి, దానిపై గుండు పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో కొలిచి గుండు వేగాన్ని లెక్కగట్టాడు. అధిక వేగంలో గుండును గాలి అడ్డగించే బలం ఆ గుండు బరువుకు 100 రెట్లకు పైగా ఉండగలదని ఆయన కనుగొన్నాడు. అంతవరకు గాలి ప్రభావం స్వల్పమని పండితులు భావించేవారు.

ఆయన మరొక ప్రయోగం ఇంకా ఆసక్తికరం. తుపాకీ గొట్టం చివరను కొద్దిగా ఎడమకు వంచి పేల్చగా, గుండు మొదట ఎడమకు వెళ్లి తర్వాత కుడివైపునకు మళ్లింది. వంగిన గొట్టంలో ఒక పక్కను ఒరుసుకుంటూ రావడం వలన గుండు తిరుగుతూ బయటపడింది. తిరిగే బంతికి ఒక పక్క గాలి వేగంగా, మరొక పక్క నెమ్మదిగా జారుతుంది, ఆ తేడా బంతిని పక్కకు తోస్తుంది. క్రికెట్‌లో స్పిన్నర్ వేసిన బంతి గాలిలోనే పక్కకు జరగడానికి కారణం ఇదే. నునుపు గొట్టంలో గుండు ఏ పక్క ఒరుసుకుంటుందో ముందుగా తెలియదు కనుక అది ఎటు మళ్లుతుందో కూడా తెలియదు. ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కొలువులో దక్షిణ భారతానికి వచ్చి, 1751లో కడలూరు వద్దనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

మర గాళ్లు, మొనదేలిన రూపం

ఈ దోషానికి విరుగుడు, గుండును తెలిసిన దిక్కులో తిప్పడం. గొట్టం లోపల మరవలె మెలిదిరిగిన గాళ్లు చెక్కితే, గుండు తన పొడవు వెంబడి బొంగరంవలె తిరుగుతూ వెలువడుతుంది. తిరిగే బొంగరం పడిపోనట్లే తిరిగే గుండు తలకిందులు కాదు. ఇట్టి గొట్టం గలదే రైఫిల్. 1849లో వచ్చిన మినియే గుండు పొడవైన రూపంతో, తుపాకీలో సులువుగా దిగి, పేలినప్పుడు వెనుకభాగం విచ్చుకొని గాళ్లను పట్టుకునేది. 1857 తిరుగుబాటుకు కారణాలలో ఒకటిగా చెప్పే తూటాలు ఈ కోవకు చెందిన ఎన్‌ఫీల్డ్ రైఫిలువే.

తరువాతి మార్పు రూపంలో వచ్చింది. 1898లో ఫ్రాన్సు మొనదేలిన గుండును ప్రవేశపెట్టింది. దాని వెనుకభాగం కూడా పడవ వెనుకభాగంవలె సన్నబడి ఉండేది. ముందు మొన గాలిని చీల్చుతుంది. వెనుక సన్నదనం గుండు వెంట ఏర్పడే సుడిగాలిని తగ్గిస్తుంది. బ్రిటిషు వారి .303 తూటాలో ఈ తేడా చక్కగా కనిపిస్తుంది. పాత గుండ్రని మొన గుండు 215 గ్రెయిన్ల బరువుతో సెకనుకు 2,060 అడుగుల వేగంతో వెళ్లేది. 1910లో వచ్చిన మొనదేలిన గుండు 174 గ్రెయిన్ల బరువుతో 2,440 అడుగుల వేగం అందుకుంది.

ఒకే రూపంలో, ఒకే మందంలో ఉన్న రెండు గుండ్లలో బరువైనదే వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. దూదిపింజను, గులకరాయిని విసిరి చూస్తే ఈ సూత్రం తెలుస్తుంది.

పతనం, పక్కగాలి, ఎండ

గొట్టం వదిలిన గుండు అదే క్షణం నుండి కిందికి పడడం మొదలవుతుంది. పైన చెప్పిన 2,440 అడుగులు అంటే సెకనుకు సుమారు 744 మీటర్లు. గాలే లేదనుకున్నా 300 మీటర్లు వెళ్లడానికి 0.40 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో గుండు సుమారు 80 సెంటీమీటర్లు దిగుతుంది. గాలి వేగాన్ని తగ్గిస్తుంది కనుక నిజమైన పతనం ఇంకా ఎక్కువ.

పక్కగాలి లెక్క మరింత సూక్ష్మం. గాలి అడ్డు వలన గుండుకు ఎంత ఆలస్యమైందో, ఆ ఆలస్యాన్ని గాలి వేగంతో గుణిస్తే పక్కకు జరిగిన దూరం వస్తుంది. ఉదాహరణకు 0.40 సెకను బదులు 0.48 సెకను పట్టిందనుకుందాం. ఆలస్యం 0.08 సెకను. సెకనుకు 4 మీటర్ల పక్కగాలి ఉంటే గుండు 32 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. జొన్న ఆకులను ఊపే మాత్రపు గాలికే ఇంత తేడా. గాలిని బాగా చీల్చే గుండుకు ఆలస్యం తక్కువ కనుక పక్కకు జరగడమూ తక్కువే.

వేసవిలో 40 డిగ్రీల ఎండలో గాలి, 15 డిగ్రీల చలినాటి కంటే సుమారు 8 శాతం పలుచన. కనుక గుండు కొంచెం తక్కువగా దిగుతుంది. ఇక గుండు వేగం శబ్ద వేగానికి, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లకు, దిగే సమయంలో అనేక గుండ్లు ఊగిసలాడి గురి చెదురుతాయి.

పొలం గట్టున తెలుసుకోవలసినది

ఈ లెక్కలన్నీ చెప్పే సత్యం ఒక్కటే: దూరపు గురి ఎన్నడూ నిశ్చయం కాదు. 30 సెంటీమీటర్ల తేడా అంటే జంతువు చావక గాయంతో పారిపోవడం, లేదా గుండు దానిని దాటిపోవడం. దాటిపోయిన రైఫిల్ గుండు సుమారు మూడు కిలోమీటర్ల వరకు పోగలదు. చదునైన మన మాగాణి, మెట్ట భూములలో అంత దూరంలో మరొక ఊరు, కాలువ గట్టున కూలీలు, పశువులు కాసే పిల్లలు ఉండడం సహజం. నునుపు గొట్టపు నాటు తుపాకీ గుండు అంత దూరం పోకపోయినా, ఎటు పోతుందో చెప్పలేము.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. మొదటి షెడ్యూలులోని కృష్ణజింకను చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. పంటను పాడుచేసే అడవిపంది విషయంలోనూ అధికారుల అనుమతి లేనిదే తుపాకీ ఎత్తరాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని తుపాకీ ఇంట ఉంచుకోవడమే నేరం. 2019 సవరణతో పెళ్లిళ్లు, ఉత్సవాలలో ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా గాలిలోకి పేల్చడం కూడా రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడదగిన నేరమైంది. పైకి పేల్చిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి రాక తప్పదు.

పంటనష్టం జరిగినప్పుడు ఆనవాళ్లు చెరగక ముందే అటవీ శాఖకు తెలిపి పరిహారానికి దరఖాస్తు చేయడం, రాత్రివేళ ఇద్దరు ముగ్గురు కలిసి దీపాలతో, డప్పులతో కావలి కాయడం క్షేమకరమైన మార్గాలు. వడిసెల రాయి సాధారణంగా పొలంలోనే ఆగుతుంది. రైఫిల్ గుండు ఆగేచోటు పేల్చినవాని కంటికి కనబడదు.