దొంతి నుంచి బండ అర దాకా

ఇల్లు సర్దినందుకు ఫీజా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో 1985కే ఈ పని చేసేవాళ్లకు సంఘం ఉంది. టోక్యోలో మారీ కొండో కాలేజీలో చదువుతూనే ఇళ్లు సర్దిపెట్టడం వృత్తిగా మొదలుపెట్టింది. 2011లో పుస్తకం తెచ్చాక ఆమె పేరు దేశాలు దాటింది. పెద్ద పెట్టుబడి లేకుండా ఇంటి నుంచే మొదలుపెట్టగల వ్యాపారం ఇది. వికారాబాద్, తాండూరు వైపు మాత్రం ఈ పని ఎప్పటి నుంచో ఉన్నదే. డబ్బులిచ్చినవాళ్లే లేరు.

అక్కడ దానికి మూలం కంది. వానలకు విత్తితే పంట ఇంటికొచ్చేది చలికాలంలో. ఏడాదికొక్కసారి వచ్చే గింజతో ఏడాదంతా పప్పు వండుకోవాలి. కాస్త ఏమరితే పుచ్చిపోతుంది. అందుకే బాగా ఎండబెట్టేవారు. కొన్ని ఇళ్లలో తడిపిన ఎర్రమన్ను పట్టించి మళ్లీ ఆరబోసేవారు. బూడిదో వేపాకో కలిపి గుమ్మిలో పోసేవారు. వెదురుతో అల్లి, పేడా మట్టీ కలిపి మెత్తిన గుమ్మి అది. ఈ పని దాదాపుగా ఆడవాళ్లదే.

వంటింట్లో దొంతి ఉండేది. అడుగున పెద్ద కుండ, దాని మీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. అడుగు కుండ అందాలంటే పైవన్నీ దించాలి కాబట్టి, రోజూ చేయి పడేది పైన, పండగకు గానీ తీయనిది కింద ఉంచితేనే పని సాగుతుంది. ఇప్పటి ఆర్గనైజర్లు ఫీజు తీసుకుని నేర్పే పాఠాల్లో ఇదొకటి.

దొంతిని మూలకు నెట్టింది తాండూరు నేలలోని నాపరాయే. ఈ రాయి పొరలుపొరలుగా ఉంటుంది. పొరల మధ్య ఉలి దింపితే పలకలుగా విడివడుతుంది. నీలి ఛాయ ఒకటి, పసుపు ఛాయ మరొకటి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం మొదలైంది. తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారిలోవే. బరువైన బండకు రైలును మించిన బండి ఏముంది? షాబాదు బండ, తాండూరు బండ అన్న పేర్లు మేస్త్రీల నోట నిలిచిపోయాయి. ఎక్కువగా నేల మీద పరిచినా, గోడ కట్టేటప్పుడే కొసలు అందులో పొదిగితే అదే బండ అర అవుతుంది. చెద పట్టదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒక్క చింతపులుసుతోనే పేచీ. సున్నపురాయి కదా, పులుపు పడ్డచోట నునుపు చెడి మచ్చ మిగులుతుంది. అర మీదకు స్టీలు డబ్బాలు వరుసకట్టాక కుండల అవసరం తగ్గింది.

   

కంది మాత్రం ఊరిని వదల్లేదు. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ చేసిన దరఖాస్తుతో 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు ఇప్పుడు కిలో ప్యాకెట్లలో వస్తోంది. గుమ్మి అక్కర్లేదు, కానీ సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన ప్యాకెట్లు అర నిండా పేరుకుంటున్నాయి.

ఇక్కడ ఎవరైనా ఇళ్లు సర్దే వ్యాపారం పెడితే మొదట ఎదురయ్యేది ఆ ప్యాకెట్లే, ఆ తర్వాత బండే. కొత్త అలమరాలో పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు, గోడలో పొదిగిన బండ కదలదు. అందుకని టేపుతో అర ఎత్తు, లోతు కొలుచుకున్నాకే డబ్బాలకు బజారుకు వెళ్లాలి.