రాతిమీద పేరు

1971 యుద్ధం నుంచి బారకులో నా పక్క మంచంవాడు తిరిగి రాలేదు. పరామర్శకు వెళితే వాళ్ళమ్మ, "మావాడి పేరు ఎక్కడైనా రాశారా నాయనా?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

ఢిల్లీలో 1931 నాటి ఇండియా గేటు మీద దొరల యుద్ధాల్లో పోయిన 13,000 మందికి పైగా పేర్లున్నాయి. మావాళ్ళకోసం దానికిందే 1972లో అమర్ జవాన్ జ్యోతి వెలిగించారు. అక్కడ తుపాకీ, ఇనపటోపీ ఉండేవి గాని పేర్లు లేవు.

ఆ పక్కనే 2019లో జాతీయ యుద్ధ స్మారకం వెలిసింది. స్వతంత్రం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతికవేల పైచిలుకు మంది పేర్లు చెక్కారు. మొన్న మా ఆవిడతో వెళ్ళాను. త్యాగచక్రం గోడలమీద గంటసేపు వెతికితే దొరికాడు, బంగారు అక్షరాల్లో! నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాను.

మా ఆవిడ మాత్రం ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది. "ఆ తల్లి ఉంటే ఇలాగే చూసుకునేదండీ" అంది.

48 ఏళ్ళు! అంతకాలం ఆవిడ ఎక్కడ ఆగుతుంది? చెయ్యి దించి, నేనూ ఆ పేరును తడిమాను.